మాడు పూడని కుక్కపిల్లను అమ్మేటప్పుడే ఆ మాట కార్డు మీద రాయండి

ఉమ్మడి కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల పశుసంవర్ధక శాఖ అధికారులకు, పశువైద్యులకు, కుక్కపిల్లల వ్యాపారులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

చివావా, పొమేరియన్, షిట్జు, యార్కీ, మాల్టీస్ లాంటి చిన్నజాతి కుక్కపిల్లల్లో కొన్నిటికి నడినెత్తిన ఎముక పూడకుండా మెత్తటి చోటు మిగిలిపోతుంది. పసిబిడ్డ మాడు ఎట్లుంటుందో అట్లే ఉంటుంది. దీని మీద అర్జీలు రాసిచ్చాం. ముద్ర వేసిన రసీదు తప్ప మరే జవాబూ రాలేదు. అందుకే ఇప్పుడు అందరి ముందరా రాస్తున్నాం.

గాలికుంటు టీకాలు, గొర్రెల నట్టల మందులు, దూడల లెక్కల మధ్య గుప్పెడంత కుక్కపిల్ల సంగతి వినే తీరిక మీకు తక్కువని తెలుసు. మేం అడిగేది కొత్త భవనాలూ కాదు, కొత్త ఉద్యోగాలూ కాదు. టీకా కార్డు మీద రెండు అంకెలు అడుగుతున్నాం: పిల్ల బరువు గ్రాముల్లో, మాడు వెడల్పు మిల్లీమీటర్లలో. ఆ రెండు అంకెలు లేకపోవడం వల్ల ఏం జరుగుతోందో కింద వరుసగా రాస్తున్నాం.

1. ముందుగా ఒక సంగతి. మాడు పూడకపోవడం దానంతట అదే జబ్బు కాదు. నుదుటి ఎముక, పక్క ఎముకలు కలిసే చోట ఆ సందు ఉంటుంది. ఎక్కువ పిల్లల్లో మూడు నాలుగు నెలలకు, కొన్నిటిలో ఆరు నెలలకు పూడుతుంది. చివావాల్లో చాలావాటికి జీవితాంతం ఎంతో కొంత మిగిలే ఉంటుంది. ఫిన్లాండ్ పరిశోధకులు 2021లో ప్రచురించిన అధ్యయనంలో 50 చివావాలను పరీక్షిస్తే 46 కుక్కల పుర్రెల్లో ఎక్కడో ఒకచోట పూడని సందు కనిపించింది. నడినెత్తినే కాదు, పక్కలా వెనకా కూడా ఇలాంటి సందులుంటాయి, అవి వేలికి అందవు. కుక్కల జాతులను నమోదు చేసే అమెరికన్ కెన్నెల్ క్లబ్ ప్రమాణం చివావాకు మాడు ఉన్నా లేకున్నా సరేనంటుంది. అలాంటి క్లబ్బుల అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్.సి.ఐ. ప్రమాణం మాత్రం మాడు తెరుచుకుని ఉన్న కుక్కను పోటీకి అనర్హమంటుంది. అంత పెద్ద సంస్థలే తలోమాట చెప్పే చోట, "ఇదే అసలు జాతి గుర్తు సార్" అని అమ్మేవాళ్ళు, "ఇది బతకదు, వదిలేయండి" అని భయపెట్టేవాళ్ళు ఇద్దరూ కొన్నవాళ్ళను తప్పుదోవ పట్టిస్తున్నారు.

2. చూసే పద్ధతి కష్టమేమీ కాదు. పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టి, చూపుడువేలి మెత్తటి భాగాన్ని రెండు కళ్ళ మధ్య నుంచి నెత్తి మీదుగా వెనక్కి తేలిగ్గా జరపాలి. నొక్కకూడదు. ఎముక అంచు తెగి, మళ్ళీ మొదలయ్యే చోటే మాడు. దాని అడ్డం, నిలువు చిన్న స్కేలుతో మిల్లీమీటర్లలో రాసుకోవాలి. చర్మం ఎముకతో సమంగానో కొంచెం లోతుగానో ఉండి, సన్నగా కొట్టుకుంటూ కనిపిస్తే కంగారు పడాల్సిన పనిలేదు. బిగుసుకుని పైకి ఉబ్బితే, పోయిన వారం కన్నా వెడల్పయితే ఆ రోజే డాక్టరుకు చూపించాలి. బాగా గుంటపడి, చిగుళ్ళు కూడా ఎండినట్టుంటే ఒంట్లో నీరు తగ్గిందేమో చూడాలి. వారానికోసారి, ఆరు నెలల వయసు దాకా ఈ కొలత రాస్తే చాలు. ఆ తర్వాత కూడా మిగిలిన మాడు ఇక పూడదనే అనుకోవచ్చు, దాంతోనే జాగ్రత్తగా బతికించుకోవాలి.

పసిబిడ్డ మాడుకు ఆముదం అద్ది తల గుండ్రంగా ఒత్తే అలవాటు మన ఇళ్ళలో ఉంది. దాన్ని కుక్కపిల్ల మీద చేయొద్దు. ఒత్తితే కింద ఎముక లేదు, నేరుగా మెదడు పొరలే. కారిన ఆముదం నాకితే కిలో కూడా లేని పిల్లకు విరేచనాలు పట్టుకుంటాయి.

3. అసలు భయపడాల్సింది మెదడులో నీరు చేరడానికి. మాడు ఉన్న ప్రతి పిల్లకూ నీరుండదు. మాడు పెద్దదైనంత మాత్రాన నీరెక్కువ ఉందనీ చెప్పలేం. కానీ తల ఒంటికి మించి గుమ్మడంగా పెరగడం, కళ్ళు కిందికీ బయటికీ జారినట్టుండి పైభాగం తెల్లగుడ్డు కనిపించడం, ఒకే వైపు గుండ్రంగా తిరగడం, గోడకు తల ఆనించి నిలబడిపోవడం, ఎంత నేర్పినా ఉచ్చ పోసే చోటు తెలియకపోవడం, ఫిట్సు, ఇవి కనిపిస్తే వెంటనే పరీక్ష కావాలి. ఆ పరీక్షకు మాడే తలుపు. ఎముక అడ్డం లేదు కాబట్టి, మత్తు లేకుండానే ఆ సందులోంచి స్కానింగ్ చేసి మెదడు లోపలి గదుల వెడల్పు చూడొచ్చు. కొన్ని నిమిషాల పని. మన పెద్దాసుపత్రుల్లో ఆవుల చూడి చూసే యంత్రం ఉన్నా, ఈ తలకు సరిపోయే బుల్లి ప్రోబు (ఒంటికి ఆనించి చూసే పిడి) ఉండదు. దాంతో ఎమ్మారై కోసం కర్నూలు వాళ్ళు హైదరాబాదుకు, అనంతపురం వాళ్ళు బెంగళూరుకు దారి పట్టాలి. ఎటుపోయినా 200 కిలోమీటర్లకు పైమాటే. నెల జీతం మీద బతికే ఇంట్లో ఎంతమంది పోగలరు?

4. నిజం చెప్పాలంటే, ఈ పిల్లల్లో మాడు కన్నా ముందు ప్రాణం తీసేది రక్తంలో చక్కెర పడిపోవడం. అమ్మే చోట ఈ మాట చెప్పేవాళ్ళు అరుదు. ఎనిమిది వారాల చివావా పిల్ల సాధారణంగా అరకిలో నుంచి 900 గ్రాములుంటుంది. దాని కాలేయంలో నిల్వ ఉండే శక్తి కొన్ని గంటలకు మించి రాదు. రాత్రి బస్సులో అట్టపెట్టెలో వచ్చి, పొద్దున్న అంగట్లో బోనులో కూర్చుని, సాయంత్రం ఎవరింటికో చేరిన పిల్ల మధ్యలో ఎన్ని పూటలు తినిందో ఎవరికీ తెలియదు. తూలడం, చూపు నిలిచిపోవడం, చొంగ, వణుకు, ఒళ్ళు చల్లబడటం, చివరికి ఫిట్సు. చూసేవాళ్ళు "మాడు వల్లే" అనుకుంటారు. కొందరు చేతిలో తాళాల గుత్తి పెడతారు, కొందరు వాత పెట్టమంటారు. ఆ లోపు పిల్ల పోతుంది.

చేయాల్సింది ఇది. అర చెంచా తేనె, లేదా గ్లూకోజు పొడిని కాసిని నీళ్ళలో చిక్కగా కలిపి, వేలితో చిగుళ్ళకు, నాలుక కింద రుద్దాలి. స్పృహ లేని పిల్ల నోట్లో పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఫిట్సు వస్తుండగా పళ్ళ మధ్య వేలు పెట్టకూడదు, పెదవి పక్కన రుద్దితే చాలు. బట్టలో చుట్టి వెచ్చగా ఉంచాలి. ఐదు పది నిమిషాల్లో తేరుకుంటే కొంచెం మెత్తటి తిండి పెట్టాలి. తేరుకున్నా ఆస్పత్రికి తీసుకుపోవాలి, మళ్ళీ పడిపోయే అవకాశం ఎక్కువ. ఇంట్లో షుగరు మీటరు ఉంటే చెవి అంచున చుక్క రక్తంతో చూడొచ్చు. 60 కన్నా తక్కువుంటే ప్రమాదం. మనుషుల మీటరు కుక్క రక్తానికి అసలుకన్నా కొంత తక్కువే చూపుతుందని కూడా గుర్తుంచుకోవాలి. "షుగర్ ఫ్రీ" అని రాసున్నవేవీ వాడొద్దు. వాటిలో ఉండే జైలిటాల్ అనే తీపి పదార్థం కుక్కల్లో చక్కెరను ఇంకా దించుతుంది.

రాకుండా చూసుకోవాలంటే నాలుగు నెలల దాకా మూడు నాలుగు గంటలకోసారి తిండి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి, తెల్లారగానే ఒకసారి. కిలో బరువు పిల్లకు రోజుకు కుక్కపిల్లల మేత 40 నుంచి 50 గ్రాములు, ఐదారు పూటలుగా నానబెట్టి పెట్టాలి. ఒట్టి రాగి సంగటి, పెరుగన్నం పెడితే కడుపు నిండుతుంది గానీ మాంసకృత్తులు చాలవు. ఉల్లిగడ్డ, వెల్లుల్లి పడిన ఏ కూరైనా, కారమైనా రక్తాన్ని దెబ్బతీస్తుంది. అనంతపురం తోటల్లో ద్రాక్ష పండినంత మాత్రాన కుక్కకు పెట్టేది కాదు. ద్రాక్ష, ఎండుద్రాక్ష రెండూ మూత్రపిండాలకు విషమే.

5. ఆస్పత్రిలో తూకం. గొర్రెను, దూడను తూచే కాటా మీద ఈ పిల్లను పెడితే ముల్లు కదలదు. "ఒక కిలో అనుకుందాం" అని మందు రాస్తారు. అది 600 గ్రాములైతే మోతాదు ఒకటిన్నర రెట్లు దాటిపోయినట్టే. గజ్జికి వాడే ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షనే తీసుకోండి. ఒక శాతం మందులో సీసీకి 10 మిల్లీగ్రాములుంటుంది. కిలోకు 0.2 మిల్లీగ్రాముల చొప్పున కిలో పిల్లకు కావలసింది 0.02 సీసీ. 40 యూనిట్ల ఇన్సులిన్ సిరంజిలో అది ఒక గీతకు కూడా చేరదు. మామూలు సిరంజితో అరసీసీ ఎక్కిస్తే 25 రెట్లు! పిల్ల తూలి, చూపు పోయి, కోమాలోకి జారితే నెపం మళ్ళీ మాడు మీదికే పోతుంది. పది కిలోలకు ఒకటి చొప్పున వేసే నట్టల మాత్రను పదో వంతుకు విరవడం ఎవరివల్లా కాదు, ద్రవరూపంలో ఉన్న మందు రాయాలి. పిడుదులకు పోసే అమిట్రాజ్ మందును చివావాలకు, నాలుగు నెలల్లోపు పిల్లలకు వాడకపోవడమే మంచిది.

టీకా సంగతి దీనికి తలకిందులు. కుక్క చిన్నదని టీకాను సగం చేయకూడదు, ఇచ్చేది పూర్తి మోతాదే. ఆరు నుంచి ఎనిమిది వారాలకు మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, 16 వారాల దాకా. రేబిస్ మూడు నెలలు నిండాక. చిన్న కుక్కల్లో ఒకే రోజు ఎక్కువ టీకాలు వేస్తే దుష్ప్రభావాలు పెరుగుతాయి కాబట్టి రేబిస్‌ను వేరే రోజుకు పెట్టడం మేలు.

6. తలకు దెబ్బ. పిల్లాడి చేతిలోంచి జారినా, మంచం మీంచి దూకినా ఈ కుక్కకు అది మామూలు కుక్క పడినట్టు కాదు. పడినప్పుడు చిన్న చప్పుడే అవుతుంది, అరవకుండానే లేచి తోక ఊపుతుంది కూడా. రెండు కనుపాపలు ఒకే తీరుగా లేకపోవడం, వాంతులు, మగత, నడక తేడా, ఇవి కొన్ని గంటల తర్వాతైనా రావచ్చు, రెండు రోజులు కనిపెట్టి చూడాలి. తీసుకుపోయేటప్పుడు గట్టి అట్ట మీద పడుకోబెట్టి, తలా ఛాతీ కలిపి 15 నుంచి 30 డిగ్రీలు ఎత్తులో ఉంచాలి. మెడ మడవకూడదు, మెడకు పట్టీ ఉంటే విప్పేయాలి. మెడ నరం నొక్కుకుంటే తలలో ఒత్తిడి పెరుగుతుంది. పారాసిటమాల్, ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఏదీ వేయొద్దు.

పశువైద్యులకు ఇక్కడ ఒక మనవి. మీకు తెలియదని కాదు, హడావిడిలో చేయి అలవాటు కొద్దీ పోతుందని చెబుతున్నాం. తలకు దెబ్బ తగిలిన కుక్కకు రాగానే డెక్సా అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ పొడవడం ఇప్పటి వైద్యం ఒప్పుకోదు. జైలజిన్ మత్తుమందు వాంతి తెప్పిస్తుంది, వాంతితో తలలో ఒత్తిడి పెరుగుతుంది. రక్తం మెడ నరం నుంచి కాకుండా కాలి నుంచి తీయండి. ఆక్సిజన్, రక్తపోటు, చక్కెర చూసుకున్నాకే తలలో ఒత్తిడి దించే మానిటాల్, అదీ కిలోకు అర నుంచి ఒక గ్రాము, 15 నుంచి 20 నిమిషాల్లో. ఇదంతా ప్రొద్దుటూరు, తిరుపతి పశువైద్య కళాశాలల్లో చదివి వచ్చిన మీకు కొత్త కాదు. చిన్నజాతి కుక్క ఆపరేషనుకు వచ్చినప్పుడు రాత్రంతా పస్తు పెట్టమని చెప్పడం మాత్రం దయచేసి ఆపండి. అంతసేపు కడుపు ఖాళీగా ఉంచితే మత్తు ఎక్కకముందే చక్కెర పడిపోతుంది.

7. ఇంట్లో. మన సీమ ఇళ్ళల్లో నున్నటి కడప బండలు పరుచుకుంటాం. వాటి మీద ఈ కుక్క పరుగెత్తితే కాళ్ళు జారి తల బండకు కొట్టుకుంటుంది. అది తిరిగే దారిలో రబ్బరు చాపో, పాత జంపఖానో పరిస్తే చాలు. మంచం, సోఫా పక్కన మెట్టు పెట్టండి. గూట్లో అంచుకు సర్దిన స్టీలు గిన్నెల కింద దాని పడక వేయొద్దు. పెద్ద కుక్కతో ఆడనివ్వొద్దు, ముద్దుకు చేసినా పంజా దెబ్బ పంజా దెబ్బే. మెడపట్టీకి గొలుసు కట్టకుండా ఛాతీకి తొడిగే బెల్టు వాడండి. స్నానానికి నెత్తి మీద పైపుతో పోయొద్దు, తడిగుడ్డతో తుడవండి. చిన్నపిల్లలు నేల మీద కూర్చున్నాకే ఒళ్ళోకి ఇవ్వండి.

ఎండలు ఇంకో సంగతి. ఏప్రిల్, మే నెలల్లో కర్నూల్లో, అనంతపురంలో 40 డిగ్రీలు దాటడం మామూలే. మామూలుగా కుక్క ఒంటి వేడి 38 నుంచి 39.2 డిగ్రీల మధ్య ఉంటుంది, 41 దాటితే వడదెబ్బ. మామూలు నీళ్ళతో ఒళ్ళు తడిపి ఫ్యాను కింద పెట్టాలి, ఐసు గడ్డలు వద్దు.

ఇవన్నీ పాటించే స్తోమత, ఓపిక మామూలు కుటుంబాలకు లేక కాదు. ముందే తెలియక నష్టపోతున్నారు. పిల్ల కోసం వేలు పోసి కొని, తర్వాత ఆస్పత్రుల చుట్టూ తిరిగి, అప్పుచేసి, చివరికి ఇంట్లో పిల్లల చేత దాన్ని పూడ్పిస్తున్నారు. ఇంకొందరు ఫిట్సు చూసి భయపడి బస్టాండు పక్కన వదిలేస్తున్నారు. అక్కడ ఊరకుక్కల మధ్య అది ఒక్క పూట కూడా మిగలదు.

అందుకని ఈ కింది పనులు చేయాలని అడుగుతున్నాం.

వ్యాపారులకు, పెంపకందారులకు:

ఒకటి. 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకాల నిబంధనలు, 2018 నాటి పెట్ షాపుల నిబంధనలు ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదంటున్నాయి. ఐదు వారాల పిల్లను "టీకప్", "పాకెట్ సైజు" అని చూపి అమ్మడం మానండి. ఏ ప్రధాన కెన్నెల్ క్లబ్బూ టీకప్ అనే జాతిని గుర్తించలేదు.

రెండు. మాడు ఉందో లేదో, ఎంత ఉందో, ఆ రోజు బరువెంతో కార్డు మీద రాసి సంతకం చేసి ఇవ్వండి. పిల్లకు పెడుతున్న మేత పేరు, వేళలు కూడా రాయండి. మూడు రోజులకు సరిపడా అదే మేత కట్టివ్వండి, ఇల్లు మారిన రోజే తిండి కూడా మారితే ముట్టదు.

మూడు. మెదడులో నీరు చేరిన కుక్కను, అలాంటి పిల్లలను ఈనిన తల్లిని మళ్ళీ దాటించొద్దు. పెద్ద మాడున్న రెండిటిని జత కలపొద్దు. ఏడాదికి ఒక ఈతకు మించకూడదన్నది కూడా నిబంధనల్లో ఉన్నదే.

పశుసంవర్ధక శాఖకు:

నాలుగు. ప్రతి పెద్ద పశువైద్యశాలలో 5 గ్రాముల తేడా పట్టే చిన్న కాటా ఒకటి పెట్టండి. కిరాణా అంగట్లో ఉండే లాంటిదే చాలు. దాని పక్కన ఇన్సులిన్ సిరంజిలు, 25 శాతం డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజు) సీసా, గ్లూకో మీటరు ఉంచండి.

ఐదు. కర్నూలు, అనంతపురం, కడపల్లో కనీసం ఒక్కో చోట చిన్న ప్రోబుతో స్కానింగు, వారానికి ఒక రోజైనా. కళాశాలల నుంచి నిపుణులను పిలిపించి ఆ రోజే స్థానిక డాక్టర్లకు చేయి తిప్పించండి.

ఆరు. టీకా కార్డులో బరువు, మాడు అనే రెండు గళ్ళు అచ్చు వేయించండి. అచ్చు అయ్యేదాకా చేత్తో రాయమని ఒక సర్క్యులర్ పంపండి. దీనికి ఏ బడ్జెట్టూ అక్కర్లేదు.

ఏడు. పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోను చేస్తే చిన్న కుక్క ఫిట్సుకు ఏం చెప్పాలో, వాహనం రాలేకపోతే ఎక్కడికి పంపాలో అక్కడ ఫోను ఎత్తేవాళ్ళకు రాసివ్వండి.

ఎనిమిది. రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కాని అంగళ్ళు, ఇంటి పెంపకాలు ఏవో తనిఖీ చేసి, నమోదైన వాటి పేర్లు మీ కార్యాలయం గోడకు అంటించండి.

ఈ లేఖ చేరిన 30 రోజుల్లో రాతపూర్వక జవాబు ఆశిస్తున్నాం. రాకుంటే సమాచార హక్కు చట్టం, 2005 కింద మూడు జిల్లాల్లోనూ మూడు ప్రశ్నలు వేస్తాం: మీ పరిధిలో నమోదైన పెట్ షాపులు, కుక్కల పెంపకందారులు ఎందరు? గత మూడేళ్ళలో ఎన్నిటిని తనిఖీ చేశారు? మీ ఆస్పత్రుల్లో కిలో లోపు జంతువును తూచగల కాటాలు ఎన్ని, అవి ఏయే ఊళ్ళలో ఉన్నాయి?

ఇట్లు,
చిన్నజాతి కుక్కలను సాకుతున్న కొందరు,
కర్నూలు